కమిలిన దెబ్బలకు పైపూతలు: వాని గుణదోషములు

తోటపని చేయువాని దేహమునకు దెబ్బ తగులని దినము అరుదు. పామాయిలు తోటలో గెల కోయునపుడు మట్ట జారి భుజముపై పడును. గెల బరువు సామాన్యముగా 10 మొదలు 25 కిలోలవరకు నుండును. అది కాలికి తగిలెనా, పాదమంతయు నల్లబడును. రబ్బరు తోటలో తెల్లవారకమునుపే పాలు గీయబోవువారు తడిసిన వాలునేలపై జారిపడుదురు. ఎముక విరుగదు, చర్మము తెగదు. అయినను మరునాటికి ఆ చోటు నీలమై, వాచి, చేయి తాకనీయకుండును. దీనినే పెద్దలు కమిలిన దెబ్బ యందురు. నెత్తురు కారు గాయమును చూచి డ్రెస్సరునొద్దకు పరుగెత్తువారు సైతము నెత్తురు కారని యీ దెబ్బకు ఇంటనున్న సీసాయే చాలునని తలంతురు. చాలమారులు అది నిజమే. అయితే ఏ సీసా వాడవలెను, ఎప్పుడు వాడవలెను, ఎవరికి వాడకూడదు అను మూడు సంగతులు తెలియనియెడల, మేలు చేయవలసిన మందే కీడు చేయును.

కమిలిన చోట జరుగునదేమి

చర్మముక్రింద వెండ్రుకకంటె సన్ననైన నెత్తురు గొట్టములు లెక్కకు మించి యున్నవి. దెబ్బ తగిలినపుడు అవి చిట్లి, నెత్తురు బయటికి రాక, మాంసపు పొరలలోనికి ఊరును. మొదట ఆ చోటు ఎఱ్ఱగా నుండి, కొలది గంటలలో నీలముగాను ఊదాగాను మారును. పిమ్మట శరీరములోని శుభ్రపరచు కణములు వచ్చి, చెడిన నెత్తురులోని ఎఱ్ఱని పదార్థమును కొంచెము కొంచెముగా విడదీయును. అది మొదట పచ్చని పదార్థముగాను, తరువాత పసుపువన్నె పదార్థముగాను మారును. కావుననే నీలముగా నున్న కములు కొన్ని దినములకు ఆకుపచ్చనై, పసుపునై, కడకు గోధుమవన్నెకు తిరిగి మాయమగును. సామాన్యమైన కములు మాయుటకు సుమారు రెండు వారములు పట్టును.

ఇందులో గ్రహింపవలసిన ముఖ్యాంశ మొకటి కలదు. రెండు కాలములలో రెండు వేర్వేరు పనులు జరుగవలెను. మొదటి కాలమున చిట్లిన గొట్టములు మూసికొనవలెను. అప్పుడు ఆ చోటికి నెత్తురు తక్కువగా రావలెను. రెండవ కాలమున ఊరిన నెత్తురు తొలగిపోవలెను. అప్పుడు ఆ చోట రక్తప్రసారము చక్కగా జరుగవలెను. రక్తప్రసారమును పెంచు మందును మొదటి కాలముననే పట్టించి గట్టిగా రుద్దినయెడల, మూసికొనుచున్న గొట్టములు మరల తెరచుకొని కములు పెద్దదగును. మందు మంచిదే, కాలము తప్పినది. పైపూతలవలన కలుగు చాల కష్టములకు ఇదియే మూలము.

తెలుగుదేశమునుండి వచ్చిన వైద్యము

పందొమ్మిదవ శతాబ్దపు కడపటి సంవత్సరములనుండి విశాఖపట్టణము, గంజాము మొదలగు మండలముల తెలుగువారు ఓడలెక్కి మలయాదేశమునకు వచ్చిరి. బాగాన్ దాతోలోని కొబ్బరి తోటలలోను, పెరాక్, కెడా, జొహూరు రాష్ట్రముల రబ్బరు తోటలలోను పనిచేసిరి. వారు మూటలలో బట్టలు తెచ్చుకొనిరి. జ్ఞాపకములో ఇంటివైద్యమును తెచ్చుకొనిరి. కమిలిన చోట పసుపు, సున్నము కలిపి పట్టువేయుట, ఉప్పు మూటతో కాపడము పెట్టుట, ఆముదము రాచి ఆముదపుటాకు వెచ్చచేసి కట్టుట, వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానము చేయించుట మొదలైనవి ఇట్లు వచ్చినవే.

వీనిలో కాపడము, వావిలి స్నానము నిజముగా మేలైనవి. ఏలయనగా వెచ్చదనము నెత్తురు గొట్టములను విప్పార జేయును. అయితే వాని కాలము మూడవ దినమునుండియే గాని మొదటి దినము కాదు. పసుపునందు వాపును తగ్గించు గుణముగల కుర్కుమిన్ అను పదార్థము కలదు. కాని అది చర్మమును దాటి లోనికి పోవుట మిక్కిలి తక్కువ. పసుపులో సున్నము కలిపినపుడు పట్టు ఎఱ్ఱబడును. కొందరు దీనిని చూచి, చెడునెత్తురు పైకి లాగబడెనని సంతసింతురు. అది నెత్తురు కాదు. క్షారము తగిలినప్పుడు పసుపు ఎఱ్ఱబడుట దాని స్వభావము. పళ్ళెములో కలిపినను అట్లే యగును. మరియు సున్నము ఎక్కువైనయెడల చర్మమును కాల్చును. చర్మము చిట్లిన చోట దానిని ఎన్నడును పెట్టరాదు. జిల్లేడు పాలను కమిలిన చోట రాయుట కూడ మానవలసిన వాడుక; ఆ పాలు చర్మమును పొక్కించును, కంటిలో పడినయెడల చూపునకే ముప్పు.

తోటలలో పొరుగువారైన మలాయీలయొద్ద తెలుగువారు తమ వైద్యమునకు చుట్టమును కనుగొనిరి. ప్రసవమైన స్త్రీలకు మలాయీ మంత్రసానులు రాతిని కాచి, ఆకులలో చుట్టి, గుడ్డలో కట్టి ఒంటికి కాపడము పెట్టుదురు. దీనికి బెర్తుంగ్కు అని పేరు. అందు వాడు ఆకులలో లెముని ఒకటి. లెముని వావిలి జాతికి చెందిన మొక్కయే. దానికి లెంగ్గుండి అనియు పేరు కలదు. సంస్కృతమున వావిలిని నిర్గుండి యందురు. సముద్రమునకు ఈవల ఆవల ఒకే జాతి ఆకు ఒకే పనికి, పోలికగల పేరుతో వాడబడుట గమనింపదగినది.

సీసాలలోని తైలములు

తరువాత సీసామందుల కాలము వచ్చినది. కృష్ణామండలములో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించెను. ఆ లాభముతోనే ఆయన పిమ్మట ఆంధ్రపత్రికను నడపెను. ఇంచుమించు ఆ కాలముననే, తెలుగు కూలీలు వేలకొలదిగా నివసించిన రంగూను నగరములో, ఆ చూ కిన్ అను చైనా వైద్యుడు మందులకొట్టు నడపుచుండెను. ఆయన 1908లో మరణించిన పిదప, కుమారులు ఆ బూన్ హా, ఆ బూన్ పార్ అనువారు తండ్రి లేపనమును పులిమార్కుతో ప్రసిద్ధికి తెచ్చి, 1920లలో వ్యాపారమును సింగపూరునకు మార్చిరి. అక్కడనుండి అది మలయాలోని ప్రతి కొట్టునకు చేరినది.

ఈ లేపనములన్నిటిలో చేరు వస్తువులు ఇంచుమించు ఒక్కటే: కర్పూరము, పుదీనానుండి వచ్చు మెంథాలు, లవంగ తైలము, యూకలిప్టసు తైలము, కాయు పుతిహ్ తైలము, మిథైల్ సాలిసిలేటు అను వింటర్‌గ్రీన్ తైలము. వీనిలో కొన్ని ఈ దేశపు నేలకు పరిచితములే. కాయు పుతిహ్ అనగా తెల్లకొయ్య. తెరెంగాను తీరపు చిత్తడినేలలలో పెరుగు గెలాం చెట్టు ఆ జాతిదే. పెనాంగు ద్వీపమున జాజికాయ తైలమును నొప్పులకు రుద్దుట వాడుక. కపూర్ అను మహావృక్షము మలయా అడవులలోను సుమత్రాలోను పెరుగును. దాని మ్రానులో దొరకు కర్పూరము పూర్వకాలమున మిక్కిలి వెలగల సరకై దూరదేశములకు పోయెడిది. నేడు అంగడిలో దొరకు కర్పూరము చాలవరకు కర్మాగారములలో టర్పెంటైను నుండి చేయబడునది.

ఈ తైలములు నిజముగా చేయు పని యేమి? చర్మమునందు చలిని వేడిని తెలిసికొను నరముల కొనలు కలవు. మిరపకాయలోని కారమునకు కదలు ద్వారమును 1997లోను, మెంథాలుకు కదలు ద్వారమును 2002లోను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఈ శాఖలో పనిచేసిన డేవిడ్ జూలియస్, ఆర్డెం పాటపౌటియన్ అనువారికి 2021లో నోబెలు బహుమానము ఈయబడెను. మెంథాలు రాచినపుడు చర్మము నిజముగా చల్లబడదు; చల్లబడినట్లు నరము మెదడునకు తెలుపును. ఆ వార్త వెళ్ళునంతసేపు నొప్పి వార్త వెనుకబడును. కర్పూరము, వింటర్‌గ్రీన్ తైలములవలన చర్మము పైభాగమున నెత్తురు పారుదల కొంత హెచ్చి, వెచ్చదనము, ఎఱ్ఱదనము కలుగును. కావున ఇవి నొప్పిని మరపించుటకు మంచివి. ఊరిన నెత్తురును ఇవి స్వయముగా కరగించునని మాత్రము ఎవరైన చెప్పినయెడల నమ్మరాదు.

జలగ నేర్పిన పాఠము

నెత్తురు గడ్డకట్టుటను నిజముగా ఆపు పదార్థము తోటపనివారికి అందరికంటె ముందే పరిచయమైనది. వానకాలమున కాలికి పట్టిన జలగను తీసివేసిన పిదపను నెత్తురు గంటలకొలది కారుట వారు చూచినదే. జలగ లాలాజలములో నెత్తురును గడ్డకట్టనీయని పదార్థము కలదని 1884లో జాన్ హేక్రాఫ్ట్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తెలిపెను. దానికి పిమ్మట హిరుడిన్ అని పేరు వచ్చినది. సుశ్రుతసంహిత జలగలచేత చెడునెత్తురు తీయించు విధానమును అంతకు ఎన్నియో శతాబ్దములకు ముందే వర్ణించెను. నేటికిని, తెగిన వ్రేలిని మరల అతికించిన పిదప అందు నిలిచిపోవు నెత్తురును తీయుటకు శస్త్రవైద్యులు శుభ్రముగా పెంచిన జలగలను వాడుచున్నారు. తోటలో దొరికిన జలగను ఎవరును అట్లు వాడరాదు. దానివలన రోగక్రిములు గాయములో చేరును.

1916లో అమెరికాలో జే మెక్లీన్ అను వైద్యవిద్యార్థి చేసిన పరిశోధనవలన హెపారిన్ అను మరియొక పదార్థము బయలుపడెను. దానిని పోలిన పదార్థములకు హెపారినాయిడ్లని పేరు. నేడు మందుల అంగడులలో కమిలిన దెబ్బలకు, పైనరముల వాపునకు దొరకు హిరుడాయిడ్ అను లేపనములో ఉన్నది ఈ వర్గపు పదార్థమే. పేరు మాత్రము జలగనుబట్టి వచ్చినది. ఇది జంతువులనుండి తీయబడునది గనుక ఆహారనియమములుగలవారు మందులవానిని అడిగి తెలిసికొనుట మంచిది. దీనిని చర్మము చిట్లని చోట మాత్రమే మెల్లగా పూయవలెను. నెత్తురు కారుచున్న గాయముపై పూయరాదు. దీనివలన కములు మాయుట కొంత త్వరపడవచ్చును గాని, ఒక్క రాత్రిలో మాయదు.

లంకావి ద్వీపపు ప్రసిద్ధమైన గామాట్ తైలము ఇక్కడ చెప్పదగినది. గామాట్ అనునది సముద్రదోస జాతి ప్రాణి. దానిని కాచి తీసిన నీటిని, కొబ్బరినూనెతో కాచిన తైలమును మలాయీలు గాయములకు, కములకు పూయుదురు. సముద్రదోస శరీరములో హెపారిన్‌వలె పనిచేయు పదార్థము కలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అయితే ఆ పదార్థము నీటిలో కరగునది, నూనెలో కరగదు. కావున తైలముయొక్క కీర్తిని ఆ పదార్థమునకు కట్టిపెట్టుట తొందరపాటు. నూనెతో మెల్లగా నిమురుటవలన కలుగు మేలును కూడ లెక్కలో చేర్చవలెను.

ఐరోపా కొండలలో పూయు ఆర్నికా అను పువ్వుతో చేసిన లేపనమును కమిలిన దెబ్బలకు గొప్పగా ప్రకటింతురు. కొన్ని పరీక్షలలో మేలు కనబడెను, కొన్నిటిలో కనబడలేదు. ఆర్నికా కడుపులోనికి పోయినయెడల విషము.

సీసాలోని అపాయము

వింటర్‌గ్రీన్ తైలము తియ్యని వాసన గలది, బిడ్డలను ఆకర్షించును. దాని శుద్ధతైలము ఒక చిన్న చెంచాడు, అనగా 5 మిల్లీలీటర్లు, సుమారు 20 ఆస్పిరిను బిళ్ళలకు సమానమైన మందు గలది. అంత మ్రింగిన చిన్న బిడ్డ ప్రాణము దక్కుట కష్టము. కర్పూరమును మ్రింగిన బిడ్డలకు కొలది నిమిషములలోనే మూర్ఛలు రావచ్చును. కావున రెండేండ్లలోపు బిడ్డలకు కర్పూరపు లేపనములు పూయనేరాదు. సీసాలను బియ్యపుడబ్బా ప్రక్కనో పడక క్రిందనో కాక, బిడ్డ చేతికందని చోట మూతబిగించి పెట్టవలెను.

మలేషియా ఆసుపత్రులలో పుట్టిన శిశువుల బొడ్డు నెత్తురులో జి-సిక్స్-పి-డి అను పదార్థము చాలినంత యున్నదా యని పరీక్షింతురు. అది తక్కువయని తేలిన బిడ్డలయొద్ద కర్పూరము, మెంథాలు గల లేపనములు, కలరా ఉండలు వాడకూడదని తల్లులకు చెప్పుదురు. ఈ మాటను ఇంటనున్న అవ్వలు, మేనత్తలు కూడ తెలిసికొనవలెను. ఏలయనగా బిడ్డ యేడ్చినపుడు పొట్టకు తైలము రాయుటకు ముందుగా లేచువారు వారే.

నెత్తురు పలుచబడుటకు వార్ఫరిన్ పుచ్చుకొనువారు వింటర్‌గ్రీన్ తైలమును విస్తారముగా రాచుకొనరాదు; అది చర్మముద్వారా లోనికి పోయి ఆ మందు బలమును హెచ్చించి, నెత్తురు కారునట్లు చేయును. ఏ లేపనమునైనను పూసిన చోట గట్టిగా కట్టుకట్టి, దానిపై వేడి పెట్టుట కూడదు, చర్మము కాలిపోవును.

అంగడిలో కొనునపుడు పెట్టెపై మాల్ అను అక్షరములతో మొదలగు నమోదు సంఖ్యయు, మెరయు ముద్రయు చూడవలెను. ఈ సంఖ్య మలేషియా ప్రభుత్వపు ఔషధాధికారులు ఇచ్చునది. సంఖ్యలేని సీసా ఎంత పొగడబడినను, అందు ఏమి కలిపిరో తెలియదు. నమోదులేని కొన్ని మందులలో స్టెరాయిడ్లు రహస్యముగా కలిపియుండుట అధికారులు పలుమారులు కనిపెట్టి ప్రకటించిరి.

చేయవలసిన క్రమము

దెబ్బ తగిలిన వెంటనే పని ఆపవలెను. మొదటి రెండు దినములు చల్లదనమే మందు. మంచుముక్కలను గుడ్డలో చుట్టి 15 మొదలు 20 నిమిషములు పెట్టవలెను. మంచును ఒంటికి నేరుగా తాకింపరాదు. మంచు దొరకనిచోట చల్లని నీటిలో తడిపిన గుడ్డ చాలును. గుడ్డపట్టీని మెత్తగా కట్టి, కాలైనను చేయియైనను దిండుపై ఎత్తి యుంచవలెను. ఈ రెండు దినములు రుద్దుట, కాపడము, సారా పట్టించుట, సారా త్రాగుట కూడదు. వాపు నిలిచిన పిదప, మూడవ దినమునుండి గోరువెచ్చని కాపడము, వావిలి స్నానము, మెల్లని నిమురుట, నమోదైన తైలము వాడవచ్చును. చర్మము చిట్లిన చోట ఏ తైలమును పోయరాదు. సబ్బునీటితో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టుటయే తగును.

పైపూతకు లొంగని కములు

కొన్ని కములు దెబ్బవలన వచ్చినట్లు కనబడియు దెబ్బవలన వచ్చినవి కావు. కెడా, పెర్లిస్ ప్రాంతపు రబ్బరు తోటలలో ఆకులక్రింద కదలక పండుకొను రక్తపింజర జాతి పామొకటి కలదు. మలాయీలో దానిని ఉలార్ కపాక్ బోదో అందురు. అది కరచిన కాలు వాచి నల్లబడును. నెత్తురు గడ్డకట్టు శక్తి నశించును. 1960లలో పెనాంగు ఆసుపత్రిలో అలిస్టర్ రీడ్ అను వైద్యుడు ఈ సంగతిని జాగ్రత్తగా పరిశీలించి 1963లో ప్రకటించెను. ఆ విషమునుండియే పిమ్మట నెత్తురు గడ్డకట్టనీయని మందొకటి తయారైనది. విషము వైద్యుని చేతిలో మందైనది గాని, కరువబడిన కాలిని రుద్దినవాని చేతిలో విషముగానే యుండును. చీకటిలో ఏదో పొడిచినట్లయి కాలు వాచినయెడల రుద్దక, కోయక, బిగించి కట్టక, కాలిని కదల్పక ఆసుపత్రికి కొనిపోవలెను.

దెబ్బయే లేక ఒంటిపై నీలపు మచ్చలు, ఎఱ్ఱని చుక్కలు, జ్వరము కనబడినచో డెంగీ యని అనుమానింపవలెను; అట్టివారికి ఆస్పిరిను ఈయరాదు. తలకు దెబ్బ తగిలి వాంతి, మత్తు కలిగినను, వాచిన కాలు రాయివలె గట్టిపడి వ్రేళ్ళు తిమ్మిరెక్కినను, ఎముక వంకరయైనను, కమిలిన చోటు నానాటికి పెరిగినను, పిక్క ఒక్కటియే వాచి లోపల నొప్పి యున్నను, అది తైలముతో తీరునది కాదు. లోతైన నరములో నెత్తురు గడ్డకట్టిన పిక్కను రుద్దినచో, ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోయి ప్రాణము తీయవచ్చును. ఇట్టి సమయమున 999కి ఫోను చేయవలెను. మలేషియా పౌరులకు ప్రభుత్వ చికిత్సాలయములో 1 రింగిట్‌కే వైద్యుడు చూచును. ఒక తైలపు సీసా వెల దానికంటె హెచ్చు.

కమిలిన దెబ్బను నయము చేయు వైద్యుడు చాలవరకు ఆ దేహములోనే యున్నాడు. నెత్తురే నెత్తురును శుభ్రపరచును. పైపూత ఆ పనికి తోడుపోగలదు, నొప్పిని మరపింపగలదు, తల్లి చేతి స్పర్శను బిడ్డకు తెలుపగలదు. రెండు దినములు చల్లదనము, పిమ్మట వెచ్చదనము, సీసాపై సంఖ్య, బిడ్డ చేతికందని చోటు, అనుమానము కలిగినపుడు ఆసుపత్రి: ఈ అయిదు మాటలు గుర్తుంచుకొన్న యింట చిన్న దెబ్బ చిన్న దెబ్బగానే పోవును.